శాటిన్ కింద గోనెగుడ్డ

విజయవాడ బీసెంట్ రోడ్డులోనో, హైదరాబాద్ కోఠిలోనో చెప్పుల దుకాణానికి వెళ్లి బెల్లీస్ చూపించమంటే, హీల్ లేకుండా, వేళ్ల దగ్గర గుండ్రంగా మూసుకుని, పాదం పైభాగం తెరిచి ఉండే పలుచటి జతలు నాలుగైదు రంగుల్లో తెచ్చి ముందు పెడతారు. ఆ పేరుకూ పొట్టకూ సంబంధం లేదు. యూరప్ శాస్త్రీయ నృత్యమైన బ్యాలే అన్న మాటే మన బజార్లలో నలిగి బెల్లీస్ అయిందనుకోవాలి. ఆ రూపం మాత్రం నిజంగానే బ్యాలే వేదిక మీది నుంచి వీధిలోకి దిగింది. కొడుకు రోలాఁ పెతీ నర్తకుడు కావడంతో 1947లో ప్యారిస్‌లో నాట్యపు షూలు కుట్టడం మొదలుపెట్టిన రోజ్ రెపెట్టో, 1956లో నటి బ్రిజిత్ బార్దో కోసం బయట తిరగడానికి వీలైన జత ఒకటి తయారుచేసింది. కాలేజీకి వెళ్లే బస్సులో ఈరోజు కనిపించే బెల్లీస్ ఆ వంశానివే.

అయితే పోలిక పైపైదే. బెల్లీస్ వేసుకుని కాలివేళ్ల మొన మీద నిలబడాలని చూస్తే చీలమండ బెణుకుతుంది. ఆ మాటకొస్తే అసలైన బ్యాలే షూలలోనూ ఎక్కువ రకాలు ఆ పనికి పనికిరావు. గులాబీరంగు శాటిన్, చీలమండ చుట్టూ రిబ్బన్లు, మొద్దు ముక్కు అనే బొమ్మ మనసుల్లో ఎంతగా ముద్రపడిందంటే, బ్యాలే నేర్చుకునే పిల్ల మొదటిరోజే అవి తొడుక్కుంటుందని చాలామంది అనుకుంటారు. ఆ రోజు రావడానికి మామూలుగా కొన్నేళ్లు పడుతుంది. ఈలోపు వాడేవి, తరవాత వాడేవి, మగవాళ్లు వాడేవి, జానపద ఘట్టాలకు వాడేవి అన్నీ వేరువేరు. వీటిని కంపెనీల పేర్లతోనో ధరలతోనో గుర్తుపెట్టుకోనక్కర్లేదు. నర్తకిని నిలబెట్టే పనిలో పాదం వాటా ఎంత, షూ వాటా ఎంత అన్న లెక్క ఒక్కటి పట్టుకుంటే చాలు, ఏది ఎందుకు అలా ఉందో తెలిసిపోతుంది.

షూ వాటా దాదాపు ఏమీ లేనిది మెత్తని షూ. దాన్ని బ్యాలే స్లిప్పర్ అంటారు. మన ఇళ్లలో స్లిప్పర్లంటే స్నానాల గది దగ్గర విడిచే రబ్బరు చెప్పులు. ఇవి వాటికి దూరపు చుట్టాలు కూడా కావు. మేజోడులా పాదానికి అంటుకుపోయే ఈ షూను తోలుతోనో, కాన్వాస్ గుడ్డతోనో, శాటిన్‌తోనో కుడతారు. తోలు ఎక్కువకాలం మన్నుతుంది, వాడేకొద్దీ పాదం ఆకారానికి సాగుతుంది. కాన్వాస్ చవక, వాషింగ్ మెషిన్‌లో వేసి ఉతుక్కోవచ్చు, ఇప్పుడు నాట్యశాలల్లో పరిచే వినైల్ నేల మీద హాయిగా జరుగుతుంది. కాకపోతే త్వరగా చిరుగుతుంది. శాటిన్ చూడముచ్చటగా ఉన్నా రోజువారీ సాధనకు నిలవదు.

అడుగున మడమ నుంచి వేళ్ల దాకా ఒకే తోలుముక్క ఉంటే అది ఫుల్ సోల్. మడమ కింద ఒకటి, ముంగాలి కింద ఒకటి విడివిడిగా ఉండి మధ్యలో గుడ్డే ఉంటే స్ప్లిట్ సోల్. రెండోది వేసుకున్న పాదం వంచితే గుడ్డ పాదం వంపుకు అతుక్కుపోయి ఆ గీత అందంగా కనిపిస్తుంది. అందుకని పెద్దవాళ్లు ఎక్కువగా దాన్నే ఎంచుకుంటారు. పసిపిల్లలకు ఎక్కువమంది గురువులు ఫుల్ సోల్ చెప్పడానికి కారణం వేరే. ఆ తోలు కొంచెం ఎదురుతిరుగుతుంది. దాన్ని వంచడానికి పాదం ప్రతిసారీ కాస్త కష్టపడాలి, ఆ కష్టంలోనే పాదంలోని చిన్న కండరాలు గట్టిపడతాయి. ఇక్కడ షూ చేసే సాయమల్లా సాయం చెయ్యకపోవడమే.

కొనేటప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది. పిల్లలు ఎదుగుతారు కదా, వచ్చే ఏడాదికి కూడా పనికొస్తుందని ఒక సైజు పెద్దది కొనడం మన మధ్యతరగతి ఇళ్లలో బడి బూట్ల నుంచి పట్టులంగాల దాకా ఉన్న అలవాటే. బ్యాలే షూ విషయంలో ఆ పొదుపు బెడిసికొడుతుంది. ముందు ఖాళీగా మిగిలిన గుడ్డ కాలికింద మడతపడితే పిల్ల జారిపడుతుంది. లోపల వేళ్లు ముడుచుకున్నాయో, చాచాయో గురువుకు కనిపించదు. వేళ్లు నిటారుగా ఉంటూనే గుడ్డ వేళ్లను తాకుతూ ఉండాలి. అంచు చుట్టూ సన్నటి తాడు ఒకటి ఉంటుంది. దాన్ని పాదానికి సరిపడా లాగి ముడివేసి, మిగిలినది కత్తిరించి లోపలికి దోపెయ్యాలి. పూలముడిలా పైకి వదలడం ఫొటోలకే బాగుంటుంది.

మెత్తని షూ చుట్టూ తిరిగే చిన్నాచితకా రకాలు కొన్నున్నాయి. పోలిష్ మజుర్కా, హంగేరియన్ చార్దాష్, స్పానిష్ నృత్యాల వంటి ఘట్టాలకు పొట్టి హీల్ ఉన్న క్యారెక్టర్ షూ వాడతారు, ఎందుకంటే అక్కడ అడుగు చప్పుడు వినిపించాలి. సమకాలీన నృత్యానికి ముంగాలిని మాత్రం కప్పే తోలు పట్టీ ఉంటుంది. తిరిగేటప్పుడు చర్మం ఊడకుండా కాపాడడం దాని పని. సాధన మధ్యలో పాదాలు చల్లబడకుండా షూ మీదే తొడుక్కునే దూది బూట్లు కూడా దొరుకుతాయి. వాటితో నాట్యం చెయ్యరు.

అసలు కథ పాయింట్ షూది. ఫ్రెంచిలో ప్వాంత్ అంటే మొన. అక్కడికి చేరడానికి బ్యాలేకు దాదాపు రెండు శతాబ్దాలు పట్టింది, ఆ ప్రయాణం హీల్స్‌తో మొదలైంది. 1661లో నాట్య అకాడమీ స్థాపించిన ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ కాలంలో ఆస్థాన నృత్యమంటే ఎత్తు హీల్ షూలతో చేసేదే. ప్యారిస్ ఒపేరా నర్తకి మరీ కమార్గో పద్దెనిమిదో శతాబ్దంలో తన చురుకైన అడుగులు జనానికి కనపడాలని లంగా పొడవు తగ్గించి, హీల్ తీసేసిందని చెబుతారు. ఫ్రెంచి విప్లవం తరవాత హీల్ వేదిక మీది నుంచి దాదాపు తప్పుకుంది. నర్తకులను తీగలతో గాలిలోకి ఎత్తే యంత్రాన్ని నృత్యకర్త షార్ల్ దిద్లో 1796లో లండన్‌లో వాడాడు. తీగ ఎత్తే ముందు ఒక్క క్షణం నర్తకి వేళ్ల మొన మీద నిలిచినట్టు కనిపించేది. ప్రేక్షకులకు ఆ క్షణం తెగ నచ్చింది. తీగ లేకుండా అలా నిలవడం ఎలాగన్నదే ఆ తరవాత వచ్చిన నర్తకుల తపన.

1832లో ప్యారిస్‌లో లా సిల్ఫీడ్ బ్యాలేలో నర్తకి మరీ తాల్యోని దాన్ని కళగా నిలబెట్టింది. ఆమె వేసుకున్నది ఈనాటి పాయింట్ షూ కాదు. మెత్తటి శాటిన్ షూ, పలుచటి తోలు అడుగు; వేళ్ల దగ్గర, పక్కల దారంతో దట్టంగా రఫు చేసిన కుట్లు. అంతే. బరువంతా ఆమె పాదాలదే, చీలమండలదే. అందుకే ఆ కాలంలో మొన మీద లేవడం అనేది ఒక్క మెరుపు. లేచి, నిలిచి, దిగిపోవడం.

ఆ మెరుపును సాగదీసినవాళ్లు ఇటలీవాళ్లు. పందొమ్మిదో శతాబ్దం చివరికి ఇటాలియన్ షూ ముక్కు గట్టిపడింది, కొస చదునైంది. మిలాన్ నుంచి రష్యాలోని పీటర్స్‌బర్గ్ వెళ్లిన నర్తకి పియెరీనా లెన్యాని 1893లో సిండ్రెల్లాలోనూ, 1895లో స్వాన్ లేక్‌లోనూ ఒంటికాలి మీద, రెండో కాలిని కొరడాలా విసురుతూ వరసగా 32 చుట్లు తిరిగింది. తాల్యోని షూతో అది అయ్యే పని కాదు. నాట్యం పెరిగింది కాబట్టి షూ మారిందా, షూ మారింది కాబట్టి నాట్యం పెరిగిందా అంటే, చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టే ఉంటుంది. అయినా ఆ 32 చుట్లలో కొంత పేరు చెప్పులు కుట్టిన చేతులకూ ఇవ్వాలి.

రష్యన్ నర్తకి అన్నా పావ్లోవా కథ ఇంకా ఆసక్తికరం. ఆమె పాదం వంపు చాలా ఎత్తు, పాదాలు సన్నవి. అంత వంపున్న పాదం మొన మీద నిలిస్తే బరువంతా బొటనవేలి మీదికి వాలిపోతుంది. దానికి ఆమె షూ లోపల గట్టి తోలు చేర్చి, కొసను వెడల్పు చేసి, గట్టిపరిచి వాడింది. అది మోసమని అప్పట్లో గొణిగినవాళ్లున్నారు. ఫొటోల్లో మాత్రం కొస సన్నగా కనిపించేలా దిద్దించేదని కూడా చెబుతారు. 1910లో అమెరికా వెళ్లినప్పుడు న్యూయార్క్‌లో సాల్వటోర్ కపేజియో దుకాణం నుంచి తన బృందమంతటికీ షూలు కొంది. ఆ దుకాణం పేరు దానితో పెద్దదైంది. ఈ పావ్లోవాయే భారతదేశం వచ్చి, తన వల్ల బ్యాలే మీద మోజుపడిన రుక్మిణీదేవి అరండేల్‌ను స్వదేశ నృత్యం వైపు చూడమని ప్రోత్సహించింది. కళాక్షేత్ర వెనక ఆ మాట కూడా ఉంది. పాదానికి ఇంత కవచం కట్టిన మనిషి, ఉత్త పాదంతో నేలను మోగించే నృత్యానికి దారి చూపడం చిత్రమే.

ఆ కవచంలో ఏముంటుంది? చెక్క ముక్క ఉంటుందని చాలామంది నమ్మకం. ఇనుము ఉంటుందనేవాళ్లూ ఉన్నారు. సంప్రదాయ పాయింట్ షూ ముక్కును కోసి చూస్తే కనిపించేవి గోనెగుడ్డ, కాగితం, బంక. ఆ బంక కూడా ఏ రసాయనమో కాదు, ప్రధానంగా పిండి, నీళ్లు. మన ఊళ్లలో సినిమా పోస్టర్లు అంటించడానికి మైదా ఉడికించి చేసే బంకకు దగ్గరి బంధువు. ఎండితే ఎంత గట్టిపడుతుందో గోడల మీద పాత పోస్టర్లు గీకినవాళ్లకు తెలుసు.

1929లో లండన్‌లో ఫ్రెడరిక్ ఫ్రీడ్ దంపతులు పెట్టిన ఫ్రీడ్ సంస్థలో ఈ షూలను ఇప్పటికీ చేత్తోనే చేస్తారు. కుట్టేది తిరగేసి. శాటిన్ లోపలి వైపు బయటికి ఉండేలా అచ్చుకు తొడిగి, ముక్కు దగ్గర గోనెగుడ్డ, కాగితం పొరలను బంకతో ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. ఆ గుడ్డంతటినీ కొస కిందికి లాగి, పటకారుతో ఒక్కొక్క మడతా పట్టి చీర కుచ్చిళ్లలా సర్ది, మైనం పూసిన దారంతో బిగిస్తారు. అప్పుడు దిండు గలీబును తిప్పినట్టు షూను బయటికి తిప్పుతారు. బంక ఇంకా పచ్చిగానే ఉంటుంది, సుత్తితో తట్టి ముక్కును చదును చేస్తారు. రాత్రంతా పొయ్యి వేడికి ఎండితే షూ సిద్ధం. ఒక్కొక్క పనివాడికి ఒక్కొక్క గుర్తు: చేప, లంగరు, కిరీటం వంటివి. ఆ గుర్తు అడుగున ముద్రపడుతుంది. నర్తకి తనకు నచ్చిన గుర్తునే ఏళ్ల తరబడి అడుగుతుంది. ఆ పనివాడి అసలు పేరు కూడా ఆమెకు తెలియకపోవచ్చు, అతని చేతివాటం మాత్రం ఆమె పాదానికి తెలుసు. అతను పని మానేస్తున్నాడంటే వీలైనన్ని జతలు చేయించి దాచుకుంటుంది.

ఈ ముక్కు భాగాన్ని బాక్స్ అంటారు, కొస చదునును ప్లాట్‌ఫామ్. పాదం కింద మడమ దాకా సాగే గట్టి అట్ట షాంక్. అందరూ అనుకున్నట్టు బరువంతా వేలి కొసల మీదే పడదు. బాక్స్ పాదాన్ని చుట్టూ పట్టి బిగించి కొంత మోస్తుంది, షాంక్ వంపును కింద నుంచి నెట్టి కొంత మోస్తుంది. మిగిలినది కాలి కండరాలు, నడుము, వెన్ను మోస్తాయి. ఈ మూడో వాటా లేకుండా మొదటి రెండూ ఎంత గట్టివైనా లాభం లేదు.

సంప్రదాయ పాయింట్ షూలో ఎడమ, కుడి తేడా ఉండదు. రెండూ ఒకటే అచ్చు. కొత్త జత వచ్చాక నర్తకి తనే ఏది ఏ కాలికో తేల్చుకుని లోపల గుర్తు రాసుకుంటుంది. రకాల తేడా అసలు మొదలయ్యేది పాదాల తేడా దగ్గర. బొటనవేలు పొడుగై మిగిలినవి మెట్లలా దిగే పాదానికి కొస వైపు సన్నబడే బాక్స్ కావాలి. వేళ్లన్నీ ఇంచుమించు సమంగా ఉంటే చదరపు బాక్స్. అలాంటి పాదం ఉన్నవాళ్లు అదృష్టవంతులు, బరువు సమంగా పంచుకుంటుంది. బొటనవేలి కన్నా పక్క వేలు పొడుగ్గా ఉన్న పిల్ల మొగుడి మీద పెత్తనం చేస్తుందని మన పెళ్లిచూపుల్లో పెద్దలు గుసగుసలాడేవారు. బ్యాలేలో ఆ పక్క వేలికి పెత్తనం దక్కదు, చాకిరీ దక్కుతుంది. ముందు నేలను తాకేది అదే కాబట్టి దెబ్బలన్నీ దానివే. బొటనవేలికి చిన్న మెత్త పెట్టి ఎత్తు సరిచెయ్యాలి.

షాంక్ మెత్తనిది, మధ్యరకం, గట్టిది అని దొరుకుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు గట్టిది కొనడం బలహీనుడి చేతికి బరువైన గొడ్డలి ఇవ్వడం లాంటిది. దాన్ని వంచే బలం లేని పాదం మొన మీదికి పూర్తిగా చేరదు, వెనక్కి వేలాడుతుంది. గట్టి షాంక్ ఎక్కువగా కావలసింది వంపు ఎక్కువై, మెత్తనిదాన్ని రెండు గంటల్లో విరిచేసే బలమైన పాదాలకు. సైజు సరిపోయిందో లేదో చూడడానికి దుకాణంలో మోకాళ్లు వంచి నిలబడమంటారు. అప్పుడు వేళ్లు కొసను తాకాలి గానీ ముడుచుకోకూడదు. తరవాత మొన మీదికి లేస్తే మడమ దగ్గర గుడ్డ చిటికెడు వదులవ్వాలి. అందుకే మొదటి జతను కంప్యూటర్ తెరమీద సైజు పట్టిక చూసి తెప్పించుకోవడం తెలివైన పని కాదు.

ఏ వయసుకు అన్న ప్రశ్నకు పదకొండు, పన్నెండు అని సాధారణంగా చెబుతారు. ఎముకల ఎదుగుదల ఒక కారణమే, కానీ పుట్టినరోజు కన్నా అంతకుముందు చేసిన సాధన ముఖ్యం. మంచి గురువు చూసేది ఒంటికాలి మునివేళ్ల మీద ఎన్నిసార్లు తొణక్కుండా లేవగలదన్నది. ఈ మధ్య దశకు డెమీ పాయింట్ షూ ఉంది. బయటికి పాయింట్ షూలాగే కనిపిస్తుంది. లోపల షాంక్ ఉండదు, బాక్స్ మెత్తన. మొన మీద నిలవడానికి కాదు, ఆ బిగువుకు పాదాన్ని అలవాటు చెయ్యడానికే.

జత ఇంచుమించు 100 డాలర్లు పలికే కొత్త పాయింట్ షూను చేతికి రాగానే నర్తకి చేసే పని చూస్తే కొన్నవాళ్ల గుండె ఆగుతుంది. తలుపు సందులో పెట్టి బాక్స్‌ను నొక్కుతుంది. చప్పుడు తగ్గడానికి సిమెంటు మెట్లకేసి బాదుతుంది. షాంక్‌ను వంచుతుంది, కొందరైతే లోపలి మేకు పీకి, దాన్ని ముప్పావు వంతు దగ్గర కోసేస్తారు. అడుగున తోలును చాకుతో గళ్లుగళ్లుగా గీస్తుంది. కొస మీది మెరిసే శాటిన్‌ను కోసి పారేసి, జారకుండా అంచు చుట్టూ దారంతో కుట్టుకుంటుంది. తాల్యోని కుట్లు అలా ఇప్పటికీ బతికే ఉన్నాయి. రిబ్బన్ల అంచులు పీచు లేవకుండా మంటకు చూపిస్తుంది, గట్టిగా ఉంటుందని పళ్లు శుభ్రం చేసుకునే దారంతో వాటిని కుడుతుంది. చివరికి వయొలిన్ విద్వాంసులు కమానుకు రాసే రోజిన్ పొడిలో కాలు అద్ది వేదిక ఎక్కుతుంది.

ఇంతా చేస్తే ఆ షూ ఆయుష్షు ఎంత? పిండి బంకకు పగ చెమట. పెద్ద పాత్ర చేసే నర్తకి చేతిలో ఒక్క రాత్రిలో, ఒక్కోసారి ఒక అంకంలోనే బాక్స్ మెత్తబడి కూలిపోతుంది. నర్తకులు దాన్ని షూ చచ్చిపోయింది అంటారు. అందుకే పెద్ద బ్యాలే సంస్థలు ఏటా వేల జతలు కొంటాయి. 1993లో గేనర్ మిండెన్ అనే అమెరికన్ సంస్థ సాగే గుణమున్న ప్లాస్టిక్‌తో షాంక్, బాక్స్ చేసి తెచ్చింది. అవి చాలా ఎక్కువ కాలం నిలుస్తాయి, కొత్తప్పుడు విరవనక్కర్లేదు. అవి పాదం పని తగ్గిస్తాయని, అది మోసమని విమర్శలొచ్చాయి. పావ్లోవాను అన్న మాటే, దశాబ్దాల తరవాత. పిండి బంకకు ఒక సుగుణం ఉన్నమాట నిజమే, అది ఆ పాదం ఆకారానికి లొంగి చస్తుంది. కానీ చావడమే దాని గొప్ప అనడం మాత్రం అతి.

మగ నర్తకులకు మామూలుగా మెత్తని షూయే. దూకి దిగేటప్పుడు నేల తెలియాలి, జోడీని ఎత్తేటప్పుడు కాలు పరుచుకుని నిలవాలి. అలాగని మొన మీద నిలబడడం ఆడవాళ్ల సొత్తేమీ కాదు. బ్రిటిష్ నృత్యకర్త ఫ్రెడరిక్ ఆష్టన్ షేక్‌స్పియర్ నాటకం ఆధారంగా 1964లో కూర్చిన ద డ్రీమ్ బ్యాలేలో గాడిద తల వచ్చిన బాటమ్ పాత్రధారి పాయింట్ షూలతో ఆడతాడు, అవి గిట్టల్లా కనిపిస్తాయి. 1974లో న్యూయార్క్‌లో మొదలైన ట్రొకడేరో బృందంలో అందరూ మగవాళ్లే, అందరూ మొన మీదే. జార్జియా దేశపు జానపద నర్తకులైతే బాక్స్, షాంక్ ఏవీ లేని మెత్తని తోలు బూట్లతో ముడిచిన వేళ్ల మీద లేచి ఆడతారు.

ఇక రంగు. గులాబీ ఎందుకంటే, అది తెల్లవాళ్ల ఒంటిరంగుకు దగ్గర. కాలి గీత తొడ నుంచి కొస దాకా తెగకుండా కనిపించాలన్నది ఉద్దేశం. నల్లగా, చామనఛాయగా ఉన్న నర్తకికి ఆ గులాబీ సరిగ్గా చీలమండ దగ్గర గీతను తెంపేస్తుంది. 1969లో నల్లజాతి నర్తకుడు ఆర్థర్ మిచెల్ న్యూయార్క్‌లో నెలకొల్పిన డాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెమ్ నర్తకులు 1970లలో తమ ఒంటిరంగు మేజోళ్లు, షూలు వేసుకోవడం మొదలుపెట్టారు. షూలకు ఆ రంగు దుకాణంలో దొరికేది కాదు. మన సినిమా మేకప్ గదుల్లో అందరికీ తెలిసిన పాన్‌కేక్‌ను స్పాంజితో ప్రతి జతకూ పూసుకునేవారు, ఒక్క రాత్రిలో చచ్చే షూకు కూడా. నల్లజాతి, ఆసియా నర్తకుల బృందం బ్యాలే బ్లాక్‌తో కలిసి ఫ్రీడ్ సంస్థ గోధుమరంగు, కంచురంగు పాయింట్ షూలను అమ్మకానికి తెచ్చింది 2018లో. వారంలో ఒకరోజు కూచిపూడి, ఒకరోజు బ్యాలే నేర్చుకునే ప్రవాస తెలుగు పిల్లలకు ఈ మార్పు చిన్నదేమీ కాదు.

చచ్చిన షూను వెంటనే పారెయ్యరు. షాంక్ పీకేసి డెమీ పాయింట్‌లా సాధనకు వాడుకుంటారు. ఆ తరవాత దాని మీద సంతకం పెట్టిస్తే అభిమానులు కొనుక్కుంటారు, కొన్ని సంస్థలు ఆ డబ్బును కొత్త షూల ఖర్చుకు వాడుకుంటాయి. ఈ అభిమానానికి హద్దు చూపే కథ ఒకటి బ్యాలే లోకంలో ఇప్పటికీ తిరుగుతుంది. 1842లో రష్యాలో తాల్యోని చివరి ప్రదర్శన తరవాత ఆమె షూల జతను 200 రూబుళ్లకు కొన్న రసికులు కొందరు, దాన్ని వండించి, సాస్ పోసుకుని తిన్నారట. పాపం, వాళ్లు తిన్నది శాటిన్, తోలు, రఫు దారం. ఈనాటి షూ అయితే మైదా అయినా దొరికేది.